వాక్యంలో మాట దాటని హద్దులు

"నువ్వు ఎవరు రాసిన పుస్తకం చదివావు?"

ఈ ప్రశ్న అడగడానికి తెలుగు మాట్లాడేవాళ్ళెవరూ తడుముకోరు. వినేవాళ్ళూ తడుముకోకుండా "చలం రాసింది" అనో "కొడవటిగంటి రాసింది" అనో జవాబిస్తారు. ఇదే ప్రశ్నని ఇంగ్లీషు ఆనవాయితీ ప్రకారం, ప్రశ్నపదాన్ని వాక్యం మొదటికి తెచ్చి అడిగితే "హూ డిడ్ యు రీడ్ ఎ బుక్ దట్ రోట్?" అవుతుంది. పుట్టినప్పటినుంచీ ఇంగ్లీషు మాట్లాడేవాళ్ళు ఈ వాక్యం విని మొహం చిట్లిస్తారు. అడుగుతున్నదేమిటో వాళ్ళకి తెలుస్తూనే ఉంటుంది. పుస్తకం రాసినవారి పేరు కావాలి, అంతే. అయినా ఆ ప్రశ్నని ఆ రూపంలో వాళ్ళ భాష ఒప్పుకోదు. ఎందుకు ఒప్పుకోదని అడిగితే చాలామంది దగ్గర జవాబు ఉండదు. బడిలో ఏ మాస్టారూ ఈ సూత్రం చెప్పలేదు. చిన్నప్పుడు ఎవరూ ఇలాంటి వాక్యం పలికి దిద్దించుకోనూ లేదు.

ఎవరూ నేర్పని ఈ నిషేధాలు భాషాశాస్త్రంలో అరవై ఏళ్ళుగా సాగుతున్న ఒక పెద్ద అన్వేషణకి మూలం. మాట వాక్యంలో ఎక్కడినుంచి ఎక్కడికి కదలగలదు, ఏ గీత దగ్గర ఆగిపోతుంది అన్నది పైకి చిన్న సంగతిలా కనిపిస్తుంది. మనిషి బుర్రలో వాక్యం ఏ ఆకారంలో ఉంటుందో చెప్పడానికి మాత్రం ఇంతకన్నా గట్టి ఆధారాలు తక్కువ. ఈ ఆధారాలలో కొన్ని తెలుగు వాక్యంలోనే, మన చెవికి అందేంత దగ్గరలో ఉన్నాయి.

ఖాళీ చోటు

1957లో భాషావేత్త నోమ్ చామ్‌స్కీ "సింటాక్టిక్ స్ట్రక్చర్స్" అనే చిన్న పుస్తకం వెలువరించాడు. ఒక భాషలోని సరైన వాక్యాలన్నిటినీ పుట్టించగల, తప్పు వాక్యాలని పుట్టించని నియమాల సముదాయమే వ్యాకరణం అన్నది ఆ పుస్తకం నిలబెట్టిన దృష్టి. దీన్నే ఉత్పాదక వ్యాకరణం అంటారు. ఈ దృష్టిలో వాక్యం దారానికి గుచ్చిన పదాల వరస కాదు. పదాలు కలిసి పదబంధాలుగా, పదబంధాలు ఉపవాక్యాలుగా, ఉపవాక్యాలు పెద్ద వాక్యంగా ఒకదానిలో ఒకటి ఒదిగి ఉంటాయి.

ఇంగ్లీషులో "రవి ఏట్ ఎ మ్యాంగో" అన్న వాక్యంలో మామిడిపండు క్రియ తర్వాత వస్తుంది. "వాట్ డిడ్ రవి ఈట్?" అన్న ప్రశ్నలో క్రియ తర్వాతి చోటు ఖాళీగా ఉంది. అక్కడ ఉండవలసిన మాట వాక్యం మొదట్లో కూర్చుంది. వినేవాడు ఆ మొదటి మాటని పట్టుకుని, ఖాళీ ఎక్కడుందో వెతికి, రెండిటినీ కలిపి అర్థం చేసుకుంటాడు. మాట తన చోటు వదిలి మరో చోట తేలడాన్ని ఈ శాస్త్రంలో చలనం అంటారు.

ఈ చలనానికి దూరంతో పేచీ లేదు. "రవి ఏం కొన్నాడని సీత చెప్పిందని నువ్వు అనుకుంటున్నావు?" అన్న ప్రశ్నని ఇంగ్లీషులో అడిగితే, "ఏం" అన్న మాట అట్టడుగు ఉపవాక్యంలోనుంచి రెండు ఉపవాక్యాలు దాటి అన్నిటికన్నా ముందుకి వస్తుంది. మధ్యలో ఇంకో "అనుకుంది", ఇంకో "చెప్పాడు" చేర్చినా వాక్యం బరువెక్కుతుందే తప్ప విరగదు. మొదట చూపిన పుస్తకం ప్రశ్నలో దూరం దీనికన్నా తక్కువ. అయినా అది విరిగిపోతుంది. కాబట్టి ఎంత దూరం అన్నది ఇక్కడ లెక్కలోకి రాదు. దారిలో ఏముందన్నదే లెక్క.

రాస్ గీసిన పటం

దారిలో ఏముందో చెప్పడానికి 1964లో చామ్‌స్కీయే ఒక సూత్రం సూచించాడు. ఒక పదబంధం లోపల అదే జాతి పదబంధం మరొకటి ఉంటే, నియమం పెద్దదానికే వర్తించాలి, లోపలి చిన్నదాన్ని బయటికి లాగకూడదు అని దాని సారాంశం. పొందికైన సూత్రమే గానీ, నిజమైన వాక్యాల ముందు నిలవలేదు. ఒక మనిషి గురించిన పుస్తకం చదివినప్పుడు, ఎవరి గురించి అన్న భాగాన్ని మాత్రం బయటికి తెచ్చి ఇంగ్లీషువాళ్ళు హాయిగా ప్రశ్న అడుగుతారు. సూత్రం ప్రకారం అది కుదరకూడదు.

ఈ చిక్కుని పట్టుకుని చామ్‌స్కీ విద్యార్థి జాన్ రాబర్ట్ రాస్ 1967లో మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీకి తన పరిశోధన గ్రంథం సమర్పించాడు. ఒక్క సూత్రంతో అన్నిటినీ కట్టేయకుండా, మాటని బయటికి పోనివ్వని నిర్మాణాలు ఏవేవో ఒక్కొక్కటిగా గుర్తించి, వాటికి ద్వీపాలని పేరు పెట్టాడు. లోపల తిరగడానికి అడ్డు లేదు, బయటికి పడవ మాత్రం లేదన్నది ఆ పేరులోని భావం. దాదాపు ఇరవై ఏళ్ళు రాత ప్రతుల్లోనే చేతులు మారుతూ వచ్చిన ఆ గ్రంథం 1986లో "ఇన్ఫినిట్ సింటాక్స్!" పేరుతో అచ్చయింది. ఈనాటికీ ఈ రంగంలో చర్చ అక్కడినుంచే మొదలవుతుంది.

రాస్ చెప్పిన ద్వీపాల్లో ముఖ్యమైనది సంక్లిష్ట నామబంధం, అంటే ఒక నామమూ దాన్ని విశేషించే ఉపవాక్యమూ కలిసిన బంధం. "చలం రాసిన పుస్తకం" అలాంటిది. అందులోని ఉపవాక్యం లోపలినుంచి మాట బయటికి రాదు. పుస్తకం ప్రశ్న విరిగింది అందుకే.

రెండోది సమానంగా జోడించిన పదాల జంట. "నేను పాలూ పళ్ళూ కొన్నాను" అన్న వాక్యంలో జంటని విడదీసి "పాలు నేను పళ్ళూ కొన్నాను" అంటే వాక్యం కుంటుతుంది. ప్రశ్నలోనూ అంతే. పాలు కొన్న సంగతి తెలిసి రెండోదేమిటో అడగాలంటే మనం జంటని వదిలేసి "పాలతోపాటు ఇంకేం కొన్నావు?" అంటాం. ఇంగ్లీషువాళ్ళు కూడా సరిగ్గా ఇదే పని చేస్తారు. జంటలో ఒక భాగాన్ని ముందుకి లాగితే వాళ్ళ వాక్యం చెడుతుంది, "తోపాటు" లాంటి మాట పెడితే బాగుపడుతుంది. లోకంలో జరిగిన సంగతి రెండు వాక్యాల్లోనూ ఒకటే. తేడా అంతా వాక్య నిర్మాణంలో ఉంది. దీనికి ఒక మినహాయింపు ఉందని కూడా రాస్ గమనించాడు. జంటలోని రెండు భాగాలనుంచీ ఒకే వస్తువుని బయటికి తెస్తే తప్పు లేదు. "రవి పట్టిన, సీత వండిన చేప" అన్నప్పుడు చేప రెండు ఉపవాక్యాలలోనూ కర్మే. రెండు చోట్లా ఖాళీ ఉంది, అందుకే తూకం చెడలేదు.

మూడోది నామానికి ఎడమవైపు కొమ్మ. "ఎవరి పుస్తకం నువ్వు చదివావు?" బాగుంది. "ఎవరి నువ్వు పుస్తకం చదివావు?" బాగాలేదు. "ఎర్ర నేను చీర కొన్నాను" అని కూడా ఎవరూ అనరు. ఇంగ్లీషులోనూ ఇంతే. రష్యన్‌లో మాత్రం "చ్యూ తి చితాల్ క్నీగు?" అని "ఎవరి" అన్న మాటని ముందుకి తెచ్చి, "పుస్తకం" అన్న మాటని చివర వదిలేయవచ్చు. సంస్కృత శ్లోకంలో విశేషణం ఒక పాదంలో, విశేష్యం మరో పాదంలో ఉండటం మనకి తెలిసిందే. వాటిని జతచేయడానికే అన్వయం చెప్పుకుంటాం. ఈ స్వేచ్ఛ ఇంగ్లీషులోని "ఎ", "ది" లాంటి ఉపపదాలు లేని భాషల్లోనే కనిపిస్తుందని జెల్కో బోష్కోవిచ్ అనే భాషావేత్త వాదించాడు. తెలుగులో అలాంటి ఉపపదాలు లేవు, అయినా ఆ స్వేచ్ఛా లేదు. అంటే ఉపపదం లేకపోవడం అవసరమే కావచ్చు గానీ, అదొక్కటీ సరిపోదు. రష్యన్, సంస్కృతాల్లో విశేషణం తన నామంతో విభక్తిలోనూ లింగంలోనూ ఏకీభవిస్తుంది. తెలుగు "ఎర్ర"కి అలాంటి గుర్తులేవీ లేవు. దూరంగా పడేస్తే దాని తోడు ఎవరో చెప్పే ఆనవాలు దాని ఒంటిమీద ఉండదు.

తెలుగు వాక్యం పరీక్ష పెడితే

తెలుగులో పదాల వరస స్వేచ్ఛగా ఉంటుందని, ఏ మాట ఎక్కడ పెట్టినా చెల్లుతుందని ఒక నమ్మకం ఉంది. అది సగం నిజం. "రాజు విజయవాడకి వెళ్ళాడని నేను అనుకున్నాను" అన్న వాక్యాన్ని చూడండి. ఊరి మీద ఊనిక ఉంటే, "విజయవాడకి నేను రాజు వెళ్ళాడనుకున్నాను" అంటాం. ఇక్కడ "విజయవాడకి" అన్న మాట "అని"తో ముగిసే ఉపవాక్యంలోనుంచి బయటికి వచ్చి పెద్ద వాక్యం తలమీద కూర్చుంది. చెవికి ఇబ్బంది లేదు.

ఇప్పుడు "విజయవాడకి వెళ్ళిన కుర్రాణ్ణి నేను చూశాను" అన్న వాక్యం తీసుకుందాం. ఊరినే ముందుకి తెచ్చి, "విజయవాడకి నేను వెళ్ళిన కుర్రాణ్ణి చూశాను" అనండి. వాక్యం చేతిలో ముక్కలైపోతుంది. మాట కదిలిన దూరం రెండు వాక్యాల్లోనూ దాదాపు ఒకటే. మొదటిదానిలో ఆ మాట "అని" వాకిలి గుండా వచ్చింది. రెండోదానిలో "వెళ్ళిన" అన్న క్రియాజన్య విశేషణం కట్టిన గోడని దాటబోయింది. రాస్ ఇంగ్లీషు వాక్యాలు ముందుపెట్టుకుని గీసిన గీత, ఇంగ్లీషుతో ఏ చుట్టరికమూ లేని ద్రావిడ భాషలో అదే చోట కనిపిస్తోంది.

ఇంకో పరీక్ష. "నేను నిన్న వచ్చిన అమ్మాయితో మాట్లాడాను" అన్న వాక్యానికి రెండు అర్థాలు. అమ్మాయి నిన్న వచ్చి ఉండవచ్చు, లేదా నేను నిన్న మాట్లాడి ఉండవచ్చు. "నిన్న" అన్న మాటని క్రియ దగ్గరికి జరిపి, "వచ్చిన అమ్మాయితో నేను నిన్న మాట్లాడాను" అంటే ఒక అర్థం మాయమవుతుంది. అమ్మాయి ఎప్పుడొచ్చిందో ఇప్పుడు వాక్యం చెప్పదు. గోడ బయట పడిన "నిన్న" లోపలి క్రియకి చెందడం మానేసింది.

గోడని తప్పించుకునే ఉపాయాలు కూడా భాషలో ఉన్నాయి. "ఆ రచయిత ఉన్నాడే, ఆయన రాసిన పుస్తకమే నేను చదువుతున్నాను" అంటాం. రచయిత వాక్యం మొదట్లో ఉన్నాడు, లోపల ఖాళీ బదులు "ఆయన" అన్న సర్వనామం ఉంది. వాక్యం నిలబడింది. ఖాళీ వదిలి కదిలే మాటకే ద్వీపాల బెడద, సర్వనామాన్ని కాపలా పెట్టి కదిలేదానికి లేదని రాస్ ఆనాడే తేడా చూపించాడు. హీబ్రూ, ఐరిష్ భాషల్లో ఇలా ఖాళీ చోట సర్వనామం పెట్టడం వ్యాకరణంలో మామూలు పద్ధతి.

అంచెలంచెలుగా ప్రయాణం

రాస్ పటం గీశాడు. అన్ని ద్వీపాలకీ ఉమ్మడి కారణం ఏమిటన్నది ఆ తర్వాత ముందుకొచ్చిన ప్రశ్న. 1973లో చామ్‌స్కీ ఒక జవాబిచ్చాడు. మాట ఎంత దూరమైనా పోవచ్చు గానీ ఒక్క గెంతులో పోలేదు. ప్రతి ఉపవాక్యం అంచున ఒక మజిలీ ఉంటుంది, అక్కడ ఆగి మళ్ళీ బయలుదేరాలి. ఒక్క అడుగులో రెండు హద్దులు దాటకూడదు. వాక్యమూ నామబంధమూ హద్దులు. "అని అనుకున్నాను" లాంటి చోట మజిలీ దొరుకుతుంది కాబట్టి మాట సాగిపోతుంది. నామాన్ని విశేషించే ఉపవాక్యంలో ఆ మజిలీ అప్పటికే నిండి ఉంటుంది, దాని చుట్టూ నామబంధం అనే మరో హద్దు కూడా ఉంటుంది. మాట అక్కడ చిక్కుబడిపోతుంది.

ఇది కాగితం మీద అందంగా కుదిరిన ఊహ మాత్రమేనా? మజిలీలు నిజంగా ఉంటే వాటి ఆనవాళ్ళు ఎక్కడో కనిపించాలి. కనిపించాయి. ఐరిష్ భాషలో మన "అని" లాంటి మాట మామూలుగా "గో". లోపలినుంచి ఒక పదం పైకి వెళ్ళిన వాక్యాల్లో, అది దాటివచ్చిన ప్రతి ఉపవాక్యం దగ్గరా "గో" మారి "అ" అవుతుంది. ప్రయాణికుడు ఏయే ఊళ్ళలో ఆగాడో ఆ మార్పు చెబుతుంది. జేమ్స్ మెక్‌క్లాస్కీ 1970ల చివరినుంచి ఈ సాక్ష్యాన్ని వివరంగా చూపించాడు. ఇంగ్లీషు నేర్చుకునే చిన్నపిల్లల్లో కొందరు "వాట్ డూ యు థింక్ వాట్ ఈజ్ ఇన్ ద బాక్స్?" అని ప్రశ్నపదాన్ని రెండుసార్లు పలుకుతారని రోజలిండ్ థార్న్‌టన్ 1990లో నమోదు చేసింది. పెద్దవాళ్ళ మాటల్లో అలాంటి వాక్యం వాళ్ళకి వినిపించి ఉండదు. మధ్య మజిలీలో వదిలిన అడుగుజాడని పిల్లలు పైకి పలికేస్తున్నారని ఆమె వివరణ. జర్మన్‌లోని కొన్ని మాండలికాల్లో పెద్దవాళ్ళే ఇలా రెండు చోట్లా పలుకుతారు.

2000 ప్రాంతంలో చామ్‌స్కీ ఈ ఆలోచననే మరో రూపంలో చెప్పాడు. వాక్యాన్ని బుర్ర ఒక్కసారిగా కట్టదు, దశలవారీగా కడుతుంది. ఒక దశ పూర్తవగానే దాని లోపలి భాగం మూసుకుపోతుంది. అంచున ఉన్నది మాత్రమే పై దశకి అందుతుంది. మేడ కట్టేటప్పుడు కింది అంతస్తు స్లాబు పోశాక లోపలి ఇటుకని పైకి లాగలేం. పిల్లర్లలోనుంచి పైకి వదిలిపెట్టిన ఊచలకి మాత్రమే పై అంతస్తుని ముడివేయగలం. ఊచగా మిగిలిన మాటకి పైకి దారి ఉంది, స్లాబు కింద ఉండిపోయినదానికి లేదు. బుర్ర ఒక్కసారి మోయవలసిన బరువుని తగ్గించడానికి ఇలా మూసుకుంటూ పోతుందని ఈ సిద్ధాంతం అంటుంది. ద్వీపాలు ఆ పొదుపు వల్ల వచ్చిన ఫలితాలన్నమాట.

కదలని మాట సంగతి

ఇక మొదటి ప్రశ్న దగ్గరికి రావాలి. తెలుగులో "ఎవరు రాసిన పుస్తకం" అని ఎందుకు అడగగలుగుతున్నాం? తేలికైన జవాబు ఒకటుంది. తెలుగులో ప్రశ్నపదం తన చోటు వదలదు, కదలనిదానికి గోడలతో పనేముంది అని. "ఎక్కడ కొన్న చీర కట్టుకున్నావు?", "ఎప్పుడు కట్టిన గుడి చూశారు?", "ఎవరికి ఇవ్వవలసిన డబ్బు పోయింది?" ఇవన్నీ నిశ్చింతగా అడుగుతాం. ఇంగ్లీషులో వీటిలో ఒక్కదాన్ని కూడా ప్రశ్నపదాన్ని ముందుకి తెచ్చి అడగలేరు.

అయితే ఈ తేలికైన జవాబుకి "ఎందుకు" అడ్డం తిరుగుతుంది. "సీత ఎందుకు ఉద్యోగం మానేసిందని నువ్వు అనుకుంటున్నావు?" అన్న ప్రశ్నకి "జీతం చాలక" అని జవాబిస్తే, అది సీత మానేయడానికి కారణం. బాగుంది. "నువ్వు ఎందుకు ఉద్యోగం మానేసిన అమ్మాయిని కలిశావు?" అని అడిగితే అదే జవాబు కుదరదు. ఈ ప్రశ్నలో "ఎందుకు" కలవడం గురించే అడుగుతోంది, ఉద్యోగం మానేయడం గురించి అడగడం లేదు. "మానేసిన" పక్కనే ఉన్నా దానికి చెందడం లేదు. "ఎప్పుడు ఉద్యోగం మానేసిన అమ్మాయిని" అంటే మాత్రం "నిరుడు మానేసిన అమ్మాయిని" అని ఠక్కున చెప్పవచ్చు.

ఇంకా సన్నటి తేడా చూడండి. "నువ్వు దేనికోసం దాచిన డబ్బు ఖర్చుపెట్టావు?" అంటే "పెళ్ళికోసం దాచింది" అని జవాబివ్వవచ్చు. "నువ్వు ఎందుకు దాచిన డబ్బు ఖర్చుపెట్టావు?" అంటే ఖర్చుకే కారణం చెప్పాలి. అర్థంలో "దేనికోసం", "ఎందుకు" దగ్గరి మాటలు. మొదటిదానిలో "దేని" అన్న సర్వనామం విడిగా కనిపిస్తుంది. రెండోది మొత్తం కలిసి ఒకే అవ్యయంలా పనిచేస్తుంది.

చైనీస్‌లో కూడా ప్రశ్నపదం కదలదు. జేమ్స్ హువాంగ్ 1982లో సమర్పించిన పరిశోధన గ్రంథంలో సరిగ్గా ఇలాంటి తేడానే చూపించాడు. విశేషణ ఉపవాక్యం లోపల "ఎవరు", "ఏమిటి" చెల్లుతాయి, "ఎందుకు" చెల్లదు. పైకి కదలకపోయినా అర్థం కూర్చే స్థాయిలో ప్రశ్నపదం కనిపించకుండా కదులుతుందని, ఆ అదృశ్య చలనానికి కూడా హద్దులు ఉన్నాయని హువాంగ్ వాదించాడు. 1994లో డిలన్ త్సాయ్ మరో దారి చూపాడు. నామంలాంటి ప్రశ్నపదాలు కదలకుండానే దూరంగా ఉన్న ప్రశ్న గుర్తుతో ముడిపడగలవు, అవ్యయాల్లాంటివి అలా ముడిపడలేవు, కదలక తప్పదు, కదిలితే గోడ తగులుతుంది అన్నాడు. అతను చైనీస్‌లో చూపిన జంట మన "దేనికోసం", "ఎందుకు" జంటలాంటిదే. వేల మైళ్ళ దూరంలో, వేరే కుటుంబంలో పుట్టిన రెండు భాషలు ఇంత సన్నటి చోట ఒకే తీరుగా నడవడం కాకతాళీయమని సరిపెట్టుకోవడం కష్టం.

ఉపవాక్యాన్ని మూసే మాటలు కూడా తెలుగులో రెండు రకాలుగా పనిచేస్తాయి. "ఎవరు వచ్చారని అనుకుంటున్నావు?" అంటే "రవి" అని జవాబిస్తాం. "ఎవరు వచ్చారో అమ్మ చెప్పిందా?" అంటే "చెప్పింది" అనో "చెప్పలేదు" అనో జవాబిస్తాం. "అని" ప్రశ్నని పైవాక్యంలోకి పోనిస్తుంది. "ఓ" ప్రశ్నని తన దగ్గరే ఆపేస్తుంది. ఒక్క అచ్చు, ప్రశ్న ఎంతవరకూ పాకాలో తేల్చేస్తోంది.

పిల్లలకి ఎవరు చెప్పారు?

ఈ హద్దులు పిల్లలకి ఎలా తెలుస్తాయన్నది ఈ అధ్యయనంలో అందరినీ కలవరపెట్టే ప్రశ్న. పిల్లలు వినేవి సరైన వాక్యాలే. ఫలానా వాక్యం కుదరదని వాళ్ళకి ఎవరూ చెప్పరు. ఒక వాక్యం ఎప్పుడూ వినబడకపోవడం వేరు, అది అసాధ్యమని తెలియడం వేరు. మనం రోజూ వినని వాక్యాలు ఎన్నో ఉంటాయి, వాటిని వినగానే ఒప్పుకుంటాం. వీటిని మాత్రం ఒప్పుకోం.

1990లో జిల్ డివిలియర్స్, టామ్ రోపర్, ఆన్ వైనిక్కా ప్రచురించిన పరిశోధనలో పిల్లలకి చిన్న కథ చెప్పి ప్రశ్నలు వేశారు. ఒక పిల్లాడు మధ్యాహ్నం చెట్టెక్కి జారిపడ్డాడు. రాత్రి స్నానం చేసేటప్పుడు దెబ్బ చూసుకుని, పడినప్పుడు తగిలి ఉంటుందని నాన్నకి చెప్పాడు. "తనకి దెబ్బ తగిలిందని ఎప్పుడు చెప్పాడు?" అన్న అర్థం వచ్చే ఇంగ్లీషు ప్రశ్నలో "ఎప్పుడు" అన్నది చెప్పడానికైనా, తగలడానికైనా వర్తిస్తుంది. పిల్లలు రెండు జవాబులూ ఇచ్చారు. లోపలి ఉపవాక్యంలో "ఎలా" చేర్చి, దెబ్బ ఎలా తగిలిందో ఎప్పుడు చెప్పాడని అడిగినప్పుడు మాత్రం జవాబులు చెప్పిన వేళ వైపే, రాత్రి వైపే ఒరిగాయి. మజిలీలో "ఎలా" కూర్చుంది కాబట్టి "ఎప్పుడు" లోపలినుంచి రాలేదు. బళ్ళో అడుగుపెట్టే వయసుకే ఈ గీత ఎక్కడుందో పిల్లలకి తెలుసు.

దీన్నిబట్టి ఇలాంటి హద్దులు మనిషి పుట్టుకతో తెచ్చుకునే భాషాశక్తిలో భాగమని చామ్‌స్కీ బాటలో ఉన్నవాళ్ళు అంటారు. ఈ వాదానికి ఎదురు కూడా ఉంది. 2013లో లీసా పర్ల్, జాన్ స్ప్రౌస్ కలిసి ఒక కంప్యూటర్ నమూనా తయారుచేశారు. పిల్లల ముందు పెద్దవాళ్ళు మాట్లాడిన వాక్యాలని దానికి ఇచ్చారు. ప్రశ్నపదం నుంచి ఖాళీ వరకు ఉన్న దారిని చిన్న చిన్న ముక్కలుగా చూసి, అరుదైన ముక్కలున్న దారిని అనుమానించడం ఆ నమూనా పద్ధతి. కొన్ని ద్వీపాలని అది ఎవరూ చెప్పకుండానే పట్టుకుంది. అయితే వాక్యాన్ని పదబంధాలుగా విడదీయడం, దారిని ముక్కలుగా గమనించడం అన్న రెండు అలవాట్లు దానికి ముందే ఇచ్చి ఉన్నాయి. పుట్టుకతో వచ్చేది ఎంత, విని నేర్చుకునేది ఎంత అన్న తగవు దీనితో తీరిపోలేదు గానీ, తగవు ఎక్కడ ఉందో ఇంకా స్పష్టమైంది.

వ్యాకరణమా, జ్ఞాపకశక్తా?

ద్వీపాలు వ్యాకరణ సూత్రాలే కావనేవాళ్ళు కూడా ఉన్నారు. ముందుకొచ్చిన మాటని గుర్తుపెట్టుకోవాలి, క్లిష్టమైన ఉపవాక్యాన్నీ విప్పుకోవాలి. రెండు బరువులూ ఒకేసారి పడేసరికి బుర్ర అలిసిపోతుంది, ఆ అలసటనే మనం తప్పు వాక్యం అనుకుంటున్నాం అన్నది వాళ్ళ మాట. 1993లో రాబర్ట్ క్లూండర్, మార్తా కూటాస్ మెదడు విద్యుత్ సంకేతాలని కొలిచి ఈ దిశలో సాక్ష్యం చూపారు. 2010లో ఫిలిప్ హాఫ్‌మైస్టర్, ఐవన్ సాగ్ ఈ వాదాన్ని మరింత బలంగా వినిపించారు.

ఈ మాట నిజమైతే జ్ఞాపకశక్తి ఎక్కువ ఉన్నవాళ్ళకి ద్వీప వాక్యాలు కొంచెం తక్కువ తప్పుగా తోచాలి. స్ప్రౌస్, మాట్ వేగర్స్, కాలిన్ ఫిలిప్స్ వందలమందికి జ్ఞాపకశక్తి పరీక్షలు పెట్టి, వాళ్ళతోనే వాక్యాలకి మార్కులు వేయించి, 2012లో ఫలితం ప్రకటించారు. రెండిటికీ చెప్పుకోదగ్గ సంబంధం కనిపించలేదు. అలసట వాదానికి ఇది గట్టి దెబ్బ.

మరో వైపునుంచి ఇంకో వాదం ఉంది. 1973లోనే నోమీ ఎర్టెషిక్-షిర్, వాక్యంలో ముఖ్య సమాచారంగా నిలిచే భాగంనుంచే మాట బయటికి వస్తుంది, నేపథ్యంగా ఉన్న భాగంనుంచి రాదని చెప్పింది. డేనిష్, స్వీడిష్, నార్వేజియన్ భాషల వాళ్ళు ఇంగ్లీషువాళ్ళు ఒప్పుకోని కొన్ని విశేషణ ఉపవాక్యాలనుంచి కూడా, సందర్భం కుదిరితే, మాటని బయటికి తెస్తారు. రాస్ పటంలో గోడ ఉన్నచోట వాళ్ళకి చిన్న వాకిలి ఉంది. 2020లో ఆన్ అబేయే బృందం ఫ్రెంచ్, ఇంగ్లీషు వాక్యాలతో చేసిన ప్రయోగాల్లో, కర్తగా ఉన్న ఒకే పదబంధంనుంచి ప్రశ్నలో మాటని తెస్తే చెడిన వాక్యం, విశేషణ ఉపవాక్యంలో తెస్తే చెడలేదు. గోడ ఒకటే అయినప్పుడు ఫలితం మారకూడదు కదా! కాబట్టి ద్వీపాలన్నీ ఒకే మట్టితో చేసినవి కాకపోవచ్చు. కొన్ని నిర్మాణంలోనుంచి పుట్టి ఉంటాయి, కొన్ని సమాచారాన్ని అమర్చే తీరులోనుంచి పుట్టి ఉంటాయి.

తెలుగు వంతు

చిన్నయసూరి 1858లో ప్రకటించిన బాలవ్యాకరణం సంధి, సమాసం, కారకం, క్రియ అంటూ పదం చుట్టూ తిరిగింది. వాక్యాన్ని కేంద్రంగా పెట్టుకుని, చామ్‌స్కీ తెచ్చిన దృష్టితో తెలుగుని పరిశీలించినవారు చేకూరి రామారావు. అమెరికాలోని కోర్నెల్‌లో చదివి, ఉస్మానియాలో పాఠం చెప్పిన ఆయన "తెలుగు వాక్యం" అనే పుస్తకాన్ని తెలుగులోనే రాశారు. భద్రిరాజు కృష్ణమూర్తి, జె.పి.ఎల్. గ్విన్ కలిసి 1985లో ఆధునిక తెలుగుకి సమగ్ర వ్యాకరణం ఇచ్చారు. కె.వి. సుబ్బారావు 2012లో వచ్చిన తన పుస్తకంలో దక్షిణాసియా భాషల వాక్యాలని పక్కపక్కన పెట్టి చూపించారు. పునాది గట్టిగానే పడింది.

దానిమీద కట్టవలసింది చాలా ఉంది. ద్వీపాల గురించి అరవై ఏళ్ళలో పోగుపడిన సాక్ష్యంలో పెద్ద వాటా ఇంగ్లీషుది. ఇంగ్లీషులో ప్రశ్నపదం కదలక తప్పదు, పదాల వరస బిగువుగా ఉంటుంది, విశేషణ ఉపవాక్యం నామం తర్వాత వస్తుంది. తెలుగులో ఈ మూడూ తలకిందులు. ప్రశ్నపదం కదలనక్కర్లేదు, పదాల వరస సడలుగా ఉంటుంది, విశేషణ ఉపవాక్యం నామం ముందు వస్తుంది. ఇన్ని తేడాలున్నా నిలిచిన హద్దే మనిషి భాషకి చెందిన హద్దు. ఈ తేడాలతో కూలిపోయేది ఇంగ్లీషుకి మాత్రమే చెందిన అలవాటు. రెండిటినీ వేరుచేయడానికి తెలుగులాంటి భాష సాక్ష్యం కావాలి. శ్రీకాకుళంలో, చిత్తూరులో, ఆదిలాబాదులో, చెన్నైలోనూ బెంగుళూరులోనూ స్థిరపడిన తెలుగు ఇళ్ళలో "ఎందుకు దాచిన డబ్బు" అన్న ప్రశ్న ఒకేలా వినిపిస్తుందా? ఇంగ్లీషు బడుల్లో పెరిగిన పిల్లల చెవికి గీతలు జరిగాయా? వీటికి జవాబులు ప్రయోగశాల యంత్రాల్లో దొరకవు, తెలుగు మాట్లాడేవాళ్ళ తీర్పులో ఉన్నాయి.

ఈ వ్యాసంలోని తెలుగు వాక్యాలని ఇంట్లో నలుగురికీ వినిపించి చూడండి. ఏది నప్పింది, ఏది నప్పలేదు, ఎవరికి ఏ అర్థం తోచిందో రాసుకోండి. నప్పలేదన్న తీర్పుకి కారణం చెప్పమని పట్టుబట్టకండి, తీర్పే ఇక్కడ దత్తాంశం. ఒకరిద్దరి చెవి నాతో విభేదిస్తే ఆ విభేదం కూడా విలువైనదే, పరిశోధన మొదలయ్యేది అక్కడే. భాష మీద ప్రేమని మనం ఎక్కువగా దాని పదసంపదతోనూ పద్యాలతోనూ కొలుస్తాం. తెలుగు వాక్యం ఏ చోట ఎందుకు ఒప్పుకోదో ఓపికగా తెలుసుకోవడం కూడా అంతే ప్రేమతో చేయవలసిన పని. ఆ పనికి కావలసిన ముడిసరుకు తెలుగు మాట్లాడే ప్రతి ఒక్కరి దగ్గరా ఉంది.